శుభ్రమైన పోలిక

తేడా ఏమీ లేదని తెర మీద తేలగానే వసుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. కమిటీ హాల్లో ఏసీ చలికి అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు, ఆమెకు మాత్రం చెంపలు కాలిపోతున్నాయి. యంత్రం ఆమెదే. లెక్క కట్టే పద్ధతీ ఆమెదే. ఎవరిని తిట్టాలో తెలియక పళ్లు నూరుకుంటూ అధ్యక్షుడు శేషగిరి వైపు చూసింది. పెద్దమనిషి ముఖం వెలిగిపోతోంది. పనికిరాదని తేలిన పనిని మూసేయడం కన్నా సుఖమైన పని ఆరోగ్య శాఖలో ఇంకోటి లేదు మరి.

వాళ్లు తూకం వేస్తున్నది బోర్లంపేటలోని ఒక ఇంటిని. ఇల్లంటే ఇల్లు కాదు, మూతపడ్డ బీడీల కార్ఖానా. లేని మనుషుల మాటలు చెవుల్లో వినపడేవాళ్లు, ఆ మాటల నోరు మూయించడానికి మత్తుమందు కలిపిన కల్లు తాగి తాగి దానికీ బానిసలైనవాళ్లు అక్కడికి వస్తారు. రెండు రోగాలూ ఒకే మనిషికి ఉంటే వాడికి ఎక్కడా దిక్కు లేదు. తలకు వైద్యం చేసే ఆసుపత్రికి పోతే ముందు కల్లు మానేసి రమ్మంటారు. కల్లు మాన్పించే చోటికి పోతే ముందు తల బాగు చేయించుకుని రమ్మంటారు. ఇద్దరూ కలిసి మనిషిని బంతాట ఆడుకుంటారు, ఈలోపు వాడు కాస్తా పోతాడు, ఇద్దరూ చేతులు దులుపుకుంటారు. బోర్లంపేట ఇంట్లో మాత్రం రెండు రోగాలతోనే రమ్మన్నారు. పట్నం నుంచి డాక్టరు వచ్చి కొత్తరకం సూది వేసి పోతాడు. వచ్చినవాళ్లను చూసుకోవడానికి ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లను పెట్టారు. ఇది మేలు చేస్తోందా లేదా, చేస్తే ఊరూరా పెట్టాలా, లేకపోతే మూసేయాలా తేల్చమని వసుమతిని అడిగారు.

శేషగిరి ఎవరో ఒకరి నీడ తెరిచి చూపించమన్నాడు. ఆయనే వేలు పెట్టాడు, ఆ వేలు పోయి పోయి దేవేందర్ పేరు మీద పడింది. దేవేందర్ వసుమతి తమ్ముడు. ఆ సంగతి ఆమె మొదట్లోనే కమిటీకి చెప్పింది, లెక్క కట్టేది యంత్రం కదా పరవాలేదన్నారు. తెర మీద రెండు గీతలు పాముల్లా కదిలాయి. ఎర్రది దేవేందర్. మెడలో నల్లదారంతో కట్టిన చిన్న పూస అతని నిద్రను, గొంతులో వణుకును, చేతుల అదురును పట్టి పంపుతుంది. పక్కనున్న బూడిదరంగు గీత అతని నీడ. బోర్లంపేట నడుమ పోయే రైలుపట్టాలకు ఇవతలి రోగులకు ఆ ఇంట్లో చోటు ఇచ్చారు, అవతలి వాళ్లకు పూస మాత్రం కట్టి, సర్కారు దవాఖాన గోలీలతో ఎప్పటిలాగే బతకమని వదిలేశారు. ఆ అవతలి బతుకుల్లోంచి ముక్కలు ఏరి యంత్రం ఈ నీడను అల్లింది. అదే వయసు, అదే రోగం, అదే అలవాటు, ఒక్క ఆ ఇంటి గడప మాత్రం తొక్కని దేవేందర్. మనిషికీ నీడకీ ఎంత దూరం ఉంటే ఇల్లు అంత మేలు చేసినట్టు. ఆ రెండు గీతలూ జంటగా, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు సాగిపోతున్నాయి.

ఇల్లు లేకపోయినా ఇతను ఇంతే బాగుపడేవాడన్నమాట అన్నాడు శేషగిరి, పరీక్ష పాసైన పిల్లాడిని మెచ్చుకున్నట్టు. తమ్ముడు మెడ వంకర తిరిగిపోయి గోడకు తల బాదుకున్న రోజుల్ని తన కళ్లతో చూశానని, ఆ ఇంట్లో అతను అన్నం తినడం మళ్లీ నేర్చుకోవడం కూడా చూశానని వసుమతి గట్టిగానే చెప్పింది. కళ్లతో చూసినదాన్ని నమ్మకూడదనే కదమ్మా మీరు ఈ యంత్రం చేసింది అని ఆయన నవ్వాడు. పైగా ఎవరి నీడ సంగతి వాళ్లకు తెలియజేయడం రోగుల హక్కు అంటూ అందరి ఫోన్లకూ కబురు పంపమని ఆదేశించాడు. ఇప్పుడే వద్దని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. హక్కులంటే ఆయనకు ఖర్చు లేనంత వరకు మహా ఇష్టం.

కబురు బోర్లంపేట చేరేసరికి దేవేందర్ తమ ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. వాళ్లమ్మ గంగవ్వ ఫోన్లో గొంతు విని రెండుసార్లు పెట్టించుకుంది. నీవు కేంద్రానికి వెళ్లకపోయినా నీ ఆరోగ్యం ఇదే స్థితిలో ఉండేది అని అందులో ఒక ఆడగొంతు తీయగా చెప్పింది. గంగవ్వకు ఎప్పటినుంచో ఒకటే బెంగ. కొడుకు పొద్దంతా ఆడవాళ్ల నడుమ కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తాడని వాడకట్టు నవ్వుతోంది. మేనమామ కరెంటు సామాన్ల దుకాణంలో కూర్చోమని పిలుస్తున్నాడు. ఇంకా పిచ్చోళ్ల ఇంటికే పోతాడా అని సంబంధాల వాళ్లు వెనక్కి పోతున్నారు. ఇన్నాళ్లకు సాక్షాత్తు కూతురు చేసిన యంత్రమే అక్కరలేదని చెప్పాక ఆమెను ఎవరు ఆపగలరు.

మరునాడు దేవేందర్ అక్కకు ఫోన్ చేశాడు. గొంతు హుషారుగా ఉంది.

"అక్కా, నా నీడ సక్కగనే ఉన్నదట గద. ఆడు పోకుండనే బాగున్నంక, నేను పొయ్యి ఏం జెయ్యాలె?"

ఆ లెక్కలో ఏదో తప్పుందిరా, కొన్నాళ్లు పోతూ ఉండు అని వసుమతి బతిమాలింది. తప్పు ఎక్కడుందో చెప్పమన్నాడు. గంగవ్వ ఫోన్ లాక్కుని, నీ మిషినే అబద్ధమాడుతదా బిడ్డా అని అడిగింది. చదువుకున్న కూతురి మీద నమ్మకంతో అడిగిన మాట అది, తిట్టు అయినా బాగుండేది. దేవేందర్ మేనమామ దుకాణంలో చేరాడు. కొన్నాళ్లు బాగానే కూర్చున్నాడు. తర్వాత ఫ్యాన్ల చప్పుడులోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారన్నాడు. ఆ తర్వాత దుకాణం నుంచి నేరుగా కల్లు కంపౌండుకు నడిచాడు.

తల్లి ఏడుస్తూ ఫోన్ చేసిన పూటే వసుమతి ప్రయోగశాల వదిలేసి బస్సెక్కింది. కంపౌండులో రేకుల కింద తమ్ముడు సీసాల మధ్య మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు. మెడలో పూస అలాగే ఉంది. ఇతను ఇలా ఉన్నాడని అది పట్నానికి నమ్మకంగా పంపుతూనే ఉంది, అక్కడ ఇతని బూడిదరంగు నీడ హాయిగా నిద్రపోతూనే ఉంది. ఆమెకు ఆ పూసను తెంపి రాయితో నలగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది. తమ్ముణ్ణి ఆటోలో వేసుకుని కార్ఖానా ఇంటికి తీసుకుపోయింది.

లోపల పది పదిహేనుమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లందరికీ పెద్ద సాయవ్వ. మనిషి బక్కది, గొంతు మాత్రం బండది. దేవేందర్‌ను చూడగానే ఏమీ అడగలేదు. పక్కకు జరిగి, చాట తిప్పుకుని, అతన్ని తన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోబెట్టుకుంది. చేతిలో తడి ఆకు, కత్తెర పెట్టింది. అతని చేతులు అదురుతుంటే కత్తెర ఆకు మీద నుంచి జారిపోతోంది. ఆమె అది చూడనట్టే తన పని తాను చేసుకుంటోంది.

వసుమతి అలసటగా గోడకు ఆనుకుని చుట్టూ చూసింది. మూలన కూర్చుని దారం చుడుతున్న ఒక నడివయసు మనిషి దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. లింబాద్రి. ఆమె అతన్ని తెర మీద ఎన్నోసార్లు చూసింది. అవతలి వాడ మనిషి. పోలిక మనిషి. ఈ గడప తొక్కకూడని మనిషి. అతని పక్కన ఇంకొకడు, వాడూ అవతలివాడే. కిటికీ కింద తల్లీకూతుళ్లు, వాళ్లూ అంతే.

వీళ్లిక్కడేం చేస్తున్నారని ఆమె అడిగిన తీరుకు చాటల చప్పుడు ఆగిపోయింది. సాయవ్వకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక రోషం వచ్చింది.

"సూది ఒక్కలకు గూడ ఎయ్యనియ్యలె బిడ్డా. ఆ డబ్బ తాళంచెవి నా నడుముకే ఉంటది. డాక్టరు వచ్చిననాడు ఈళ్లను గల్మ గడప కూడ తొక్కనియ్య. మీరు వైద్యం ఇయ్యొద్దంటిరి, మేము ఇయ్యలె. గంతే."

"మరి రోజూ వచ్చి ఏం జేస్తున్నరు?"

"ఏం జేస్తరు, కూసున్నరు. వణుక్కుంట వాకిట్ల నిలవడ్డ మనిషిని కూసోమనకుంట ఎట్లుంటం? అది గూడ వైద్యమేనా?"

వసుమతి అక్కడే చతికిలబడింది. ఇది ఆమె పుట్టి పెరిగిన ఊరే. బోర్లంపేటలో ఎవరింట్లో చావు జరిగినా, కాన్పు చెడినా, మనిషి మతి తప్పినా బీడీల ఆడవాళ్లు చాటలెత్తుకుని అక్కడికే పోతారు. ఓదార్చరు, సలహాలు చెప్పరు. బాధలో ఉన్న మనిషికి మోకాలు తగిలించి కూర్చుని, చేతికి ఏదో ఒక పని ఇచ్చి, తమ బీడీలు తాము చుట్టుకుంటారు. పొద్దుగూకితే ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఆ ఊళ్లో దానికి పేరు కూడా లేదు. పథకం కాగితాల్లో దాన్ని ఇతర ఏర్పాట్లు అన్న మాట కింద ఆమే రాయించింది. సూదే వైద్యం అనుకుంది కమిటీ. సూదే వైద్యం అనుకుంది సాయవ్వ. ఇద్దరూ ఒకటే అనుకున్నారు, అందుకే సూదిని కట్టుదిట్టంగా ఇవతలే ఉంచి, అసలు వైద్యాన్ని పట్టాల రెండు వైపులా పంచిపెట్టేశారు. నీడలు బాగుండక ఏం చేస్తాయి. ఆ నీడల పక్కన కూడా సాయవ్వ కూర్చునే ఉంది.

కమిటీ ముందు వసుమతి ఈ సంగతంతా ఆయాసపడుతూ చెప్పింది. ఇంతకాలం ఏ మందుకూ లొంగని రోగానికి ఏది పనిచేస్తోందో తెలిసిందని, సూది కన్నా ఇదే పెద్ద సంగతని, ఇల్లు మూయడం కాదు ఇంకా పది తెరవాలని చెప్పింది. శేషగిరి అంతా విని, అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు. అయితే పోలిక కలుషితమైందన్నమాట అన్నాడు. చేతికింత పని, పక్కన ఇంత చోటు ఇస్తే ఆయన నిఘంటువులో దాని పేరు కలుషితం.

మళ్లీ చేద్దాం, ఈసారి శుభ్రంగా చేద్దాం అన్నాడు. ఏడాది పాటు అవతలివాళ్లు ఇంటికి రాకూడదు. ఆడవాళ్లు వాళ్ల వాకిళ్లలోకి పోయి కూర్చోకూడదు. కాపలా పెడదాం, ఆడవాళ్ల దగ్గర ఒప్పుకోలు తీసుకోండి. ఏడాదిలో అవతలివాళ్లు దిగజారితే మీరు చెప్పింది నిజమని రుజువవుతుంది, ఇంటిని శాశ్వతంగా నడిపే పూచీ నాది. ఒప్పుకోకపోతే ఇప్పుడున్న ఫలితమే ఫలితం, నెలాఖరుకు తాళం. దిగజారడమంటే వాళ్లలో కొందరు చచ్చిపోవడమని వసుమతి అంది. మనం వాళ్ల దగ్గరనుంచి తీసుకుంటున్నది ఏముందమ్మా, మొదటినుంచీ వాళ్లకు ఇవ్వనిదే కదా అని ఆయన శాంతంగా అన్నాడు. అయినా వసుమతి అడిగి చూస్తానంది. ఎందుకంటే దేవేందర్‌కు అప్పుడప్పుడే కాస్త నిద్ర పడుతోంది, ఇల్లు మూస్తే అతను ఎక్కడికి పోతాడో ఆమె కళ్లారా చూసి వచ్చింది. లింబాద్రి ఆమె తమ్ముడు కాదు. ఈ మాట ఆమె దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది.

కార్ఖానా ఇంటికి చేరేసరికి ఆడవాళ్లంతా ఆకు తెచ్చుకోవడానికి బీడీల కంపెనీకి పోయారు. లోపల దేవేందర్ చెమటతో తడిసి, తనకు మాత్రమే వినపడేవాళ్లతో గొణుగుతూ ఉన్నాడు. అతని మోకాలికి మోకాలు తగిలించి కూర్చున్నది లింబాద్రి. ఇతని చేతులూ అదురుతున్నాయి. అదురుతున్న చేతులతోనే ఆకు కత్తిరించి, ఆ ముక్కను దేవేందర్ అరచేతిలో పెట్టి, అతను జారవిడిస్తే మళ్లీ తీసి పెడుతున్నాడు. వసుమతిని చూసి, రాత్రి మంచిగ పండుకున్నడు మేడం అన్నాడు.

ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో ఆమెకు తోచలేదు. సాయవ్వ వాళ్లు వచ్చాక చెప్పింది. అవతలివాళ్లకు తలుపు మూస్తే ఇల్లు ఉంటుంది, తెరిస్తే ఇల్లు పోతుంది. ఒకరిద్దరు ఇల్లే పోతే ఇవతలోళ్లు ఏం గావాలె అని గుసగుసలాడారు. తప్పేమీ కాదు, వాళ్లలో ఒకామె మొగుడు ఇవతలి రోగే. దొంగచాటుగా రానిద్దామని ఇంకొకామె అంది. అలా రానిస్తే మళ్లీ తేడా లేదనే వస్తుందని, అప్పుడు ఇంకెవరూ తెరిపించలేరని వసుమతి చెప్పాల్సి వచ్చింది. చెప్పి చెప్పి తన గొంతు తనకే శేషగిరి గొంతులా వినిపించింది.

సాయవ్వ చాట కింద పెట్టింది.

"మేము చేసేది మంచిదని మీకు ఎరుక గావాలంటే, ఎంతమంది సావాలె బిడ్డా?"

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వసుమతి చదువులో దానికి లెక్క ఉంది కూడా. తేడా నిజమని నమ్మాలంటే ఎంతమంది దిగజారాలో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ జవాబు నోటిదాకా వచ్చినందుకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఈ మాటలన్నీ లింబాద్రి వింటూనే ఉన్నాడు. నా వల్ల ఇల్లు పోవుడెందుకు, నేను పోత తియ్యిండ్రి అంటూ లేచి తువ్వాల దులుపుకున్నాడు. దేవేందర్ అతని చొక్కా అంచు పట్టుకున్నాడు. మూడు రోజులుగా ఎవరివైపూ చూడని మనిషి తలెత్తి అక్క వైపు చూశాడు.

"నన్ను గూడ అవతలనే రాయి అక్కా."

ఏం మాట్లాడుతున్నావురా, ఇదంతా నీ కోసమే కదరా అని వసుమతికి కోపం ముంచుకొచ్చింది. నువ్వు మళ్లీ ఆ కంపౌండులో పడితే అమ్మ బతుకుతుందా అని అరిచింది. దేవేందర్ ఆ అరుపును తన చెవుల్లోని మిగతా అరుపులతో కలవనివ్వకుండా గట్టిగా కళ్లు మూసుకుని తెరిచాడు.

"ఈయన మోకాలు తాకుతుంటె, ఆ మాటలు జర దూరం పోతున్నయక్కా. ఈయనను ఎల్లగొట్టి నన్నుంచితే, నా పక్కకు ఎవలుంటరు?"

లింబాద్రి మళ్లీ కూర్చున్నాడు. వసుమతి సంచిలోంచి ఒప్పుకోలు కాగితాలు బయటికి తీయలేదు.

కమిటీ హాల్లో ఆమె ఒట్టి చేతులు చూపించింది. శేషగిరి నిట్టూర్చి, అయితే నెలాఖరుకు మూసేద్దామని రాయించాడు. మీ తమ్ముడి గురించి దిగులు పడకండి, మనవాళ్ల ఆసుపత్రి ఒకటుంది, నేను మాట్లాడతాను అని కూడా అన్నాడు. మనసున్న మనిషే పాపం. ఆ తర్వాత అందరితో, యంత్రం మాత్రం అద్భుతమని, దాన్ని వదులుకోవద్దని, చోటు మాత్రం మార్చాలని చెప్పాడు. రాజధాని అవతల కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ కాలనీ ఒకటుంది. ఏడెనిమిది జిల్లాల నుంచి వచ్చిన జనం. తాగుడూ ఉంది, తల రోగాలూ ఉన్నాయి, పక్కింటివాడి పేరు పక్కింటివాడికి తెలియదు. ఒకరింటికి ఒకరు పోరు. పోలిక అద్దంలా ఉంటుంది. సూదిని అక్కడ పరీక్షిద్దాం.

వసుమతి లేచి నిలబడింది.

"మీ పోలిక శుభ్రంగా ఉండాలంటే పక్కన ఎవరూ లేని మనిషి కావాలి సార్. బోర్లంపేటలో దొరకలేదు. దొరికేదాకా వెతుకుతారు, దొరక్కపోతే తయారు చేస్తారు."

మీరు అలసిపోయారు అన్నాడు శేషగిరి. పూసలూ నీడలూ శాఖ సొత్తనీ, ఇకనుంచి వాటిని వేరేవాళ్లు చూసుకుంటారనీ చెప్పి, ఆమె మెడలోని గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి వెళ్లమన్నాడు.

నెలాఖరున కార్ఖానాకు తాళం పడింది. ఆడవాళ్లు సాయవ్వ ఇంటి ముందు రేకుల పందిరి కిందికి చాటలు మార్చారు. ఊళ్లోవాళ్లు ఎలాగో సర్దుకున్నారు. కానీ పక్క మండలం నుంచి బస్సులో వచ్చే సాయిలు అనే రోగికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు. అతను వచ్చి, తాళం చూసి, అడుగుదామంటే ఎవరూ కనపడక, అటునుంచి అటే కంపౌండుకు పోయాడు. మర్నాడు మురుగుకాలువ పక్కన దొరికాడు. మెడలో పూస ఉంది. పట్నంలో అతని నీడ ఇంకా బతికే ఉండి ఉంటుంది. ఆ నీడను ఆర్పే తీరిక కూడా అక్కడ ఎవరికీ లేదు.

సాయిలును సాగనంపి వచ్చిన రోజు వసుమతి పందిరి కింద కూర్చుని సాయవ్వకు ఫ్యాక్టరీ కాలనీ సంగతి చెప్పింది. అక్కడ పూసలు కట్టడం మొదలైందట. పక్కన కూర్చునేవాళ్లు ఉండరనే ఆ చోటు ఎంచుకున్నారట. సాయవ్వ ఆ కాలనీకి బస్సు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. గంగవ్వ కొడుకును పంపనని మొదట గోల చేసింది, యంత్రాన్నీ దాన్ని చేసిన కూతుర్నీ కలిపి శాపనార్థాలు పెట్టింది. చివరికి తనే దేవేందర్ సంచిలో గోలీలు, రెండు జతల బట్టలు సర్ది, వాడి పక్కనుంచి కదలకు అని లింబాద్రి చేత ఒట్టు వేయించుకుంది.

కాలనీలో అన్నీ ఒకే రంగు తలుపులు, అన్నీ మూసే ఉన్నాయి. పట్టపగలు కూడా మెట్ల దగ్గర మనిషి అలికిడి లేదు. కింది అంతస్తులో ఒక గుమ్మం ముందు మెడలో నల్లదారం ఉన్న యువకుడు ఒకడు గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దేవేందర్ అతన్ని దూరం నుంచే గుర్తుపట్టాడు, తనకు బాగా తెలిసిన వణుకు అది. ఏమీ అడక్కుండా పోయి అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, రమ్మని చెయ్యి చాపాడు. ఆ యువకుడు చాలాసేపు చూసి, గోడ వెంబడి మెల్లగా జారి పక్కన కూలబడ్డాడు. సాయవ్వ చాట దించింది. లింబాద్రి ఆకు మూట విప్పాడు.

పూసలు కట్టే ఉద్యోగి మెట్ల మీద నుంచి పరుగున దిగాడు. వసుమతిని గుర్తుపట్టి తటపటాయించాడు. ఈ వరస మొత్తం పోలికవాళ్లదని, ఇక్కడ ఎవరూ ఏమీ చేయకూడదని, చేస్తే లెక్కంతా చెడిపోతుందని గాభరాగా చెప్పాడు.

"తెలుసు, అందుకే వచ్చాం" అని వసుమతి అతన్ని పక్కకు తప్పించి, ఎదుటి తలుపు కొట్టింది.